తైచీ వార్తపై ఒక పాఠకుడి లేఖ: ‘మీకు ఎవరు నేర్పారు, ఎన్నేళ్లు నేర్పారు?’

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ పత్రిక జిల్లా అనుబంధంలో తిరుపతిలో కొత్తగా మొదలైన, తైచీ అనే చైనా యుద్ధవిద్య నేర్పే ఒక శిక్షణ కేంద్రం గురించి సగం పేజీ వార్త వచ్చింది. ఆ కేంద్రం పేరు గానీ, దాన్ని నడిపేవారి పేరు గానీ ఈ లేఖలో ఎత్తను. వారితో నాకు తగాదా లేదు, వారిని నేను చూసిందీ లేదు. అయితే ఆ వార్తలో మూడు మాటలు ఉన్నాయి. శిక్షకుడి విద్య, పూర్వం చైనా వెళ్లిన బౌద్ధ సన్యాసి బోధిధర్ముడితో మొదలై, వుడాంగ్ కొండ మీది ఝాంగ్ సాన్‌ఫెంగ్ అనే యోగి ద్వారా ‘తెగని గురుపరంపర’గా దిగివచ్చిందన్నది మొదటిది. ఆయన ‘గ్రాండ్ మాస్టర్’ అన్నది రెండోది. మూడు నెలల్లో ఎవరికైనా ‘మాస్టర్’ సర్టిఫికెట్ ఇస్తారన్నది మూడోది. ఆయనకు నేర్పినవారు ఎవరు, ఏ ఊళ్లో నేర్పారు, ఎన్నేళ్లు నేర్పారు అన్న ముక్క మాత్రం సగం పేజీలో ఎక్కడా లేదు. వందల ఏళ్ల కిందటి గురువు పేరు ఉండి, నిన్నమొన్నటి గురువు పేరు లేని పరంపరను ఎంతవరకు నమ్మవచ్చో మీ పాఠకులకు చెప్పాలనే ఈ లేఖ రాస్తున్నాను. పొడుగైతే మన్నించి, వీలైతే కత్తిరించకుండా వేయమని మనవి.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాను. సింగపూర్‌లో ఓడల మరమ్మతు యార్డులో పద్నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, ఇప్పుడు బైరాగిపట్టెడలో ఉంటున్నాను. అక్కడ మేముండే హౌసింగ్ బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీగా వదిలేసే అంతస్తులో, రోజూ తెల్లవారుజామున అయిదున్నరకు ఒక వృద్ధుడు పదిమందికి తైచీ నేర్పేవారు. ఆయన దగ్గర తొమ్మిదేళ్లు నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ల తర్వాత కూడా నన్ను ఎవరికైనా నేర్పమని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు యూనివర్సిటీ మైదానంలో పొద్దున పూట నా మానాన నేను చేసుకుంటూ ఉంటే, నడకకు వచ్చేవారు ఆగి ‘ఏం సామీ, ఇది కరాటేనా, యోగానా?’ అని అడుగుతుంటారు. రెండూ కాదని చెప్పడం సులువే. మరి ఏమిటో చెప్పడానికే కాస్త తీరిక కావాలి.

చైనా యుద్ధవిద్యల్లో తైచీ, శింగ్‌యీ, బాగువా అనే మూడింటిని కలిపి ‘నైజియా’ అంటారు. ‘లోపలి ఇంటి విద్య’ అని దాని అర్థం. కండబలాన్ని, దూకుడును నమ్ముకోకుండా ఒంటి అమరికను, ఊపిరిని, మనసు కుదురును, ఎదుటివాడి బలం ఎటు వస్తున్నదో చేతి స్పర్శతోనే పసిగట్టే నేర్పును నమ్ముకుంటాయి కాబట్టి ఆ పేరు. ఈ మాట 1669లో హువాంగ్ ఝోంగ్‌శీ అనే పండితుడు, వాంగ్ ఝెంగ్‌నాన్ అనే యోధుడి సమాధి కోసం రాసిన శాసన పాఠంలో కనిపిస్తుంది. షావోలిన్ మఠం విద్యను ‘బయటి’దిగా, తన యోధుడి విద్యను ‘లోపలి’దిగా విడదీసి, ఆ లోపలి విద్యకు వుడాంగ్ కొండ మీది ఝాంగ్ సాన్‌ఫెంగ్‌ను మూలపురుషుడిగా అందులో నిలబెట్టారు. చక్రవర్తి పిలిస్తే బయలుదేరిన ఆ యోగికి దారి మూసుకుపోయిందట, ఆ రాత్రి కలలో దేవుడు ముష్టియుద్ధం నేర్పాడట, మర్నాడు ఆయన ఒంటరిగా నూరుమందికి పైగా దొంగలను చంపాడట. హువాంగ్ ఝోంగ్‌శీ మంచూ పాలకులను ఎదిరించి పోరాడిన మనిషి. బయటి నుంచి వచ్చి దేశాన్ని ఏలుతున్న మంచూలను నేరుగా తిట్టలేక, బయటి దేశపు బౌద్ధానికి చెందిన షావోలిన్‌ను ఒక పక్కన, స్వదేశీ మతమైన తావోకు చెందిన యోగిని మరో పక్కన పెట్టి ఆయన గూఢంగా మాట్లాడారని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. అంటే పరంపరలో పై మెట్టు మీద కూర్చున్న పేరు పుట్టుకలోనే చరిత్ర కంటే రాజకీయం పాలు ఎక్కువన్నమాట.

ఇక్కడే మీ వార్తలోని మొదటి మాట తనను తానే కొట్టేసుకుంటున్నది. బోధిధర్ముడి కథ షావోలిన్ వారిది. ఝాంగ్ సాన్‌ఫెంగ్ కథ షావోలిన్‌కు పోటీగా పుట్టినది. ఒకే విద్యకు ఆ ఇద్దరినీ వరసగా తాతముత్తాతలుగా చెప్పడమంటే, దావా వేసినవాడినీ, దావా ఎదుర్కొన్నవాడినీ ఒకే వంశవృక్షంలో తండ్రీకొడుకులుగా రాయడమే. బోధిధర్ముడు కంచి వాడంటారు, మనకు కంచి దగ్గర, కాబట్టి ఆయన మనవాడే, చైనా వాళ్లకు యుద్ధవిద్య నేర్పింది మనమే అని మన వైపు ఒక మురిపెం ఉంది. నాకూ ఒకప్పుడు ఉండేది. కానీ ఆయన గురించి దొరుకుతున్న తొలి ప్రస్తావన, 547 ప్రాంతంలో యాంగ్ శ్వాన్‌ఝీ రాసినది, ఆయన పర్షియా దేశస్థుడని చెబుతున్నది. దక్షిణ భారతం నుంచి వచ్చారని మరో పాత రచన చెబుతున్నది. ఈ రెండింటిలోనూ ముష్టియుద్ధం ఊసే లేదు. ఆయన కసరత్తులు నేర్పారన్న కథకు ఆధారంగా చూపే ‘యీజిన్‌జింగ్’ అనే పుస్తకం 17వ శతాబ్దం నాటిది, దాని పాతకాలపు ముందుమాట నకిలీదని చైనా పండితులే తేల్చారు. వారు తమ ఇంటి కథను తామే పరీక్షించి పక్కన పెట్టుకోగా, మనం దాన్ని ఎత్తి తలకెత్తుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఆ పరీక్ష చేసినవారిలో ముఖ్యుడు తాంగ్ హావ్. 1930 దశకం మొదట్లో ఆయన హెనాన్ రాష్ట్రంలోని వెన్ జిల్లాలో చెన్‌జియాగౌ అనే పల్లెకు స్వయంగా వెళ్లి, చెన్ వంశం వారి వంశావళిని, పాత రాతలను చూసి, తైచీ మూలాలు 17వ శతాబ్దంలో ఆ పల్లెకు చెందిన చెన్ వాంగ్‌తింగ్ అనే సైనికోద్యోగి దగ్గర ఉన్నాయని వాదించారు. ఆ నిర్ధారణను ఒప్పుకోనివారు ఇప్పటికీ ఉన్నారు, వారి వాదనలనూ తీసిపారేయలేము. కానీ ఆయన పద్ధతి మాత్రం ఒప్పుకోదగినది: ఊరికి వెళ్లాలి, కాగితం చూడాలి, ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో అడగాలి.

ఆ పల్లె నుంచి ఇవతలకు వచ్చే దారి చాలావరకు స్పష్టంగానే ఉంది. చెన్ చాంగ్‌శింగ్ (1771–1853) దగ్గర యాంగ్ లూచాన్ (1799–1872) నేర్చుకున్నారు. ఆయన చెన్ వంశం వాడు కాదు, యోంగ్‌నియన్ అనే వేరే ఊరివాడు. పనివాడిగా చేరి గోడ కన్నంలోంచి చూసి నేర్చుకున్నాడని చెప్పే కథ కథే కావచ్చు, కానీ బయటివాడికి విద్య దక్కిందన్నది కథ కాదు. ఆయన బీజింగ్ వెళ్లి మంచూ ప్రభువుల ఇళ్లలో నేర్పి ‘ఎదురులేని యాంగ్’ అనిపించుకున్నారు. ఆయన కొడుకులు బాన్‌హౌ, జియాన్‌హౌ. మనవడు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) కాలానికి ఆ విద్య రూపమే మారింది. గెంతులు, విసురు దెబ్బలు తగ్గి, వెడల్పైన, నిదానమైన, ఒకే వేగంతో సాగే కదలికలు వచ్చాయి. ఈరోజు ప్రపంచంలో పార్కుల్లో కనిపించే తైచీలో ఎక్కువ భాగం ఆ మనవడి చేతి మీదుగా వచ్చినదే. మంచూ సైనికుడైన చువాన్ యూ (1834–1902) యాంగ్ ఇంట్లో నేర్చుకోగా, ఆయన కొడుకు వూ జియాన్‌చువాన్ పేరుతో మరో శాఖ వచ్చింది. యోంగ్‌నియన్‌లోనే వూ యూశియాంగ్ (1812–1880) పేరుతో ఇంకొకటి వచ్చింది. ఉచ్చారణలో రెండు ‘వూ’లూ ఒకటే అనిపిస్తాయి గానీ ఇంటిపేర్లు వేరు, శాఖలు వేరు. ఈ తేడా తెలియక ఇద్దరినీ ఒకరిగా కలిపేసిన పోస్టర్లను నేను చూశాను.

ఈ చివరి శాఖలోనే, నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణమైన కాగితం ఉంది. వూ యూశియాంగ్ మేనల్లుడు లీ యీయూ (1832–1892) 1881లో తైచీ గురించి ఒక చిన్న ముందుమాట రాశారు. దాని మొదటి వాక్యం, తైచీ ఎవరితో మొదలైందో తెలియదు అని. ఆ తర్వాత ఆయన తనకు తెలిసిన మేరకు మాత్రమే చెబుతారు: విద్య హెనాన్‌లోని చెన్‌జియాగౌ చెన్ వారికి చేరింది; మా ఊరివాడైన యాంగ్ అనే ఆయన ఇష్టపడి అక్కడికి వెళ్లి పదేళ్లకు పైగా శ్రద్ధగా నేర్చుకున్నాడు; మా మేనమామ అది చూసి ముచ్చటపడ్డాడు, కానీ యాంగ్ అంత తేలిగ్గా నేర్పడు కాబట్టి పైపైన మాత్రమే దొరికింది; మరుసటి ఏడాది మేనమామ పని మీద హెనాన్ వెళ్లి ఝావ్‌బావ్‌లో చెన్ చింగ్‌పింగ్ దగ్గర నెల రోజులకు పైగా ఉండి మెలకువలు తెలుసుకున్నాడు; నేను 1853లో ఇరవై దాటిన వయసులో మేనమామ దగ్గర మొదలుపెట్టాను, ఆయన నోటితో చెప్పి చేత్తో చూపి ఏదీ దాచకుండా నేర్పాడు; నేను మందబుద్ధిని, ఇరవై ఏళ్లకు పైగా చేసినా నాకు అంటింది తోలు, వెంట్రుకలు మాత్రమే.

ఈ మాటలను మీ వార్త పక్కన పెట్టి చదవండి. ఒక పెద్ద శాఖకు మూలస్తంభమైన మనిషి, మూలపురుషుడు ఎవరో తెలియదన్నాడు. మేనమామ ఒక గురువు దగ్గర ఉన్నది నెల రోజులేనని దాచలేదు. అంతకు ముందటి గురువు యాంగ్ అంతగా నేర్పలేదని ఒప్పుకున్నాడు. తాను ఏ సంవత్సరం, ఎవరి దగ్గర మొదలుపెట్టాడో, ఎన్నేళ్లు చేశాడో చెప్పాడు. చివరికి తనకు వచ్చింది కొంచెమే అన్నాడు. ఇది వినయం కోసం అన్న మాటే కావచ్చు, చైనా పండితుల రాతల్లో ఇలాంటి వినయం మామూలే. అయినా, ఆ కాగితంలో మనం అడగదలచుకున్న ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంది. నూట నలభై ఏళ్ల కిందట ఆయన చెప్పగలిగినది, ఈరోజు ఫ్లెక్సీ మీద నిలువెత్తు ఫోటో వేయించుకునేవారు చెప్పలేకపోవడం వింతగా ఉంది.

బాగువా సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. డోంగ్ హైచువాన్ అనే ఆయన బీజింగ్‌లో సూ ప్రభువు భవనంలో పనిచేస్తూ, వలయంగా తిరుగుతూ అరచేతులు మార్చే ఒక విద్యను నేర్పారు. అంతకు ముందు ఆయనకు అది ఎలా వచ్చిందో నిలకడైన ఆధారం లేదు; కొండల్లో ఒక తావో సాధువు దగ్గర నేర్చుకున్నారని చెబుతారు. 1882లో ఆయన చనిపోయారు. 1883లో శిష్యులు ఆయన సమాధి దగ్గర రాతిఫలకం నిలిపి అందులో శిష్యుల పేర్లు చెక్కించారు. తర్వాత 1905లో ఒకటి, 1930లో మరి రెండు నిలిపారు. ఆ పేర్లు ఉన్నాయి కాబట్టే ‘మా తాతగారు డోంగ్ గారి శిష్యుడు’ అనేవాడి మాటను రాతితో సరిచూడటానికి వీలైంది. పరంపరకు రాతిలో చెక్కిన సాక్ష్యం ఉండటమంటే ఏమిటో తిరుపతి వారికి నేను చెప్పాల్సిన పని లేదు. అన్నమయ్య సంకీర్తనలను ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించి భండారంలో పెట్టకపోతే, ఆ పదాలు ఎవరివో ఈరోజు మనకు ఎలా తెలిసేది?

అయితే అదే రాగిరేకు ఇంకో సంగతి కూడా చెబుతుంది. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. పాడే పరంపర నడుమ తెగిపోయింది. ఇప్పుడు మనం వినే బాణీల్లో చాలావాటిని 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు కట్టారు. వారు ‘ఇది అన్నమయ్య పాడిన స్వరమే’ అని ఎన్నడూ చెప్పుకోలేదు, అందుకే వారిని గౌరవిస్తాం. తైచీలోనూ అంతే. పాత సూత్ర గ్రంథాలు కొన్ని చిన్న పద్యాల్లా దొరుకుతాయి, పుస్తకాల దుకాణంలోనూ దొరుకుతాయి. ‘తల పైనుంచి దారంతో వేలాడదీసినట్టు ఉండాలి’ అని అందులో ఉంటుంది. అలా ఉండటమంటే ఏమిటో పుస్తకం చెప్పదు. నా విషయంలో అది తెలియడానికి మా గురువుగారు రెండు వేళ్లతో నా మెడ వెనక పట్టుకుని ఒక ఏడాది పాటు సరిచేయాల్సి వచ్చింది. పరంపర అనే మాటకు నేను ఇచ్చుకునే అర్థం ఇదే: ఒకరి ఒంటిని ఇంకొకరు చేత్తో సరిచేయడం. ఆ చేతిని ఎవరి చేయి సరిచేసిందన్న ప్రశ్నకు జవాబు రెండు మూడు తరాల వరకు దొరికితే చాలు. అంతకు పైన ఉన్నది పురాణమైనా ఎవరికీ నష్టం లేదు.

చేత్తో సరిచేసే విద్య కాబట్టే, ఒకే గురువు శిష్యులు ఒకేలా ఉండరు. డోంగ్ హైచువాన్ అప్పటికే వేరే విద్యల్లో ఆరితేరినవారిని చేర్చుకుని, ఒక్కొక్కరికి వారికి వచ్చినదాని మీద కట్టి నేర్పారంటారు. షావోలిన్ పద్ధతి ముందే వచ్చిన యిన్ ఫూ (1840–1909) చేతుల్లో అది సూటిగా దూసుకుపోయే విద్య అయింది. కుస్తీ తెలిసిన చెంగ్ తింగ్‌హువా (1848–1900) చేతుల్లో మెలితిప్పి పడగొట్టే విద్య అయింది. ఈ చెంగ్ గారు కళ్లద్దాల దుకాణం నడిపేవారు కాబట్టి ఆయన్ను ‘కళ్లద్దాల చెంగ్’ అనేవారు. 1900లో విదేశీ సైన్యాలు బీజింగ్‌ను ఆక్రమించినప్పుడు జర్మన్ సైనికుల చేతిలో ఆయన చనిపోయారు. యిన్ వారిది, చెంగ్ వారిది పక్కపక్కన చూస్తే ఒకే గురువుది అనిపించదు. కాబట్టి ‘మాదే అసలు బాగువా’, ‘మాదే అచ్చమైన తైచీ’ అని ఎవరైనా అంటే, వారు తమ విద్య చరిత్రను చదవలేదని అనుకోవచ్చు.

శింగ్‌యీ గురించి క్లుప్తంగా చెబుతాను, నేను దాన్ని చేయలేదు కాబట్టి. యూ ఫెయ్ అనే పాత సేనానికి దాన్ని ఆపాదిస్తారు గానీ, ఆనవాలు పట్టగలిగేది 17వ శతాబ్దపు షాన్‌శీ వాడైన జీ జిక నుంచి. 19వ శతాబ్దంలో లీ లువోనెంగ్ దాన్ని హెబెయ్‌లో విస్తరింపజేశారు, ఆయన శిష్యుల్లో గువో యున్‌షెన్ పేరు పెద్దది. అయిదు మూల దెబ్బలు, పన్నెండు జంతువుల రీతులు, అన్నిటికంటే ముందు నెలల తరబడి కదలకుండా నిలబడే భంగిమ, ఇదీ ఆ విద్య.

ఈ మూడింటినీ ఒక్క ఒంట్లో కలిపినవారు సున్ లూతాంగ్ (1860–1933). గువో యున్‌షెన్ దగ్గర శింగ్‌యీ, చెంగ్ తింగ్‌హువా దగ్గర బాగువా నేర్చుకుని అప్పటికే పేరు మోసిన ఆయన, యాభై దాటిన వయసులో, బీజింగ్ వచ్చి జబ్బుపడ్డ హావ్ వెయ్‌ఝెన్ అనే పెద్దాయనకు సేవ చేసి, ఆయన దగ్గర తైచీ నేర్చుకున్నారు. హావ్ వెయ్‌ఝెన్ ఎవరో కాదు, తోలు, వెంట్రుకలు మాత్రమే వచ్చాయన్న లీ యీయూ శిష్యుడు. సున్ గారు 1915లో శింగ్‌యీ మీద పుస్తకం రాశారు, తర్వాత మిగిలిన రెండింటి మీదా రాశారు. ‘లోపలి విద్యలు’ అంటే ఈ మూడూ అని జనంలో స్థిరపడటానికి ఆయన రాతలు చాలా తోడ్పడ్డాయి. పేరు వచ్చాక మళ్లీ శిష్యుడిగా కూర్చున్న మనిషి అన్నందుకే నాకు ఆయనంటే ఎక్కువ గౌరవం.

పరంపరలన్నీ మంచివేనని నేను అనడం లేదు. చైనా వారి ఆచారంలో బయట నిలబడి నేర్చుకునే విద్యార్థి వేరు, ‘తలుపు లోపలికి వచ్చిన’ శిష్యుడు వేరు. లోపలికి వచ్చేవాడు పత్రం సమర్పించి, నేలకు తల ఆనించి మొక్కి, టీ అందించి గురువును తండ్రిగా ఒప్పుకుంటాడు. ముందు చేరినవాడు వయసులో చిన్నవాడైనా అన్న అవుతాడు. మన సంగీతం, నాట్యం నేర్చుకునే ఇళ్లలో ఉన్న మర్యాదే ఇది. దీనివల్ల వచ్చే జబ్బులూ మనకు తెలిసినవే: దాచుకోవడం, శిష్యుణ్ని ఏళ్లకేళ్లు ఊరించడం, శాఖల మధ్య కొట్లాటలు. 1928లో నాన్‌జింగ్‌లో ప్రభుత్వం కేంద్ర యుద్ధవిద్యా సంస్థను పెట్టి, దాన్ని వుడాంగ్ విభాగం, షావోలిన్ విభాగం అని రెండుగా చీల్చితే, ఆ రెండూ తగాదా పడటంతో విభాగాలనే ఎత్తేయాల్సి వచ్చింది. గువో యున్‌షెన్ శిష్యుణ్నని చెప్పుకున్న వాంగ్ శియాంగ్‌ఝాయ్ (1885–1963) అయితే ఇంకా ముందుకు వెళ్లి, కదలికల వరసలన్నీ తీసేసి, నిలుచోవడమే ముఖ్య సాధనగా కొత్త పద్ధతి పెట్టి, 1940లో బీజింగ్‌లోని ఒక పత్రిక విలేకరితో గురుశిష్య వ్యవస్థనే రద్దు చేయాలన్నారు. మదనపల్లెలో పుట్టి, తనను జగద్గురువుగా చూపడానికి పెట్టిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేసిన జిడ్డు కృష్ణమూర్తి గారిని ఎరిగిన పాత చిత్తూరు జిల్లా వాళ్లం మనం. ఆ మాట మనకు కొత్తగా వినిపించదు. అయితే చిత్రమేమిటంటే, వాంగ్ గారి తర్వాత ఆయన శిష్యులకూ పరంపరలు ఏర్పడ్డాయి, వారిలోనూ ‘అసలు వారసుడు ఎవరు’ అన్న పేచీ వచ్చింది.

పరంపర లేకుండా నేర్చుకునే దారి కూడా ఉంది, అదేమీ తక్కువది కాదు. 1956లో చైనా క్రీడా సంఘం యాంగ్ పద్ధతి నుంచి 24 భంగిమల చిన్న వరసను కూర్చి అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. నడక చేసే పెద్దలకు, బీపీ ఉన్నవారికి, బిడ్డల్ని స్కూలుకు పంపి వచ్చే తల్లులకు అది చాలు. దాన్ని నేర్పేవారు ‘ఇది 24 భంగిమల వరస, నేను ఫలానా చోట ఆరు నెలలు నేర్చుకున్నాను’ అని చెబితే నేనే వెళ్లి దండం పెడతాను. ఆ వరసనే నేర్పుతూ ఝాంగ్ సాన్‌ఫెంగ్ పేరు ఎందుకు లాగుతారన్నదే నా అభ్యంతరం.

తెగిన పరంపర మళ్లీ ఎలా అతుక్కుంటుందో కూడా చెప్పాలి. 1928లో చెన్ ఫాక (1887–1957) పల్లె వదిలి బీజింగ్‌లో స్థిరపడి అక్కడే చివరిదాకా నేర్పారు. పల్లెలో నేర్పేవారు కరువయ్యారు. 1958లో చెన్ ఝావ్‌పీ (1893–1972) ఉద్యోగ విరమణ చేసి ఊరికి తిరిగివచ్చి, కరువులోనూ, సాంస్కృతిక విప్లవం నాటి వేధింపుల్లోనూ ఊరి కుర్రాళ్లకు నేర్పారు. ఈరోజు ప్రపంచమంతా తిరిగి చెన్ తైచీ నేర్పిన చెన్ శియావ్‌వాంగ్, చెన్ ఝెంగ్‌లెయ్, వాంగ్ శీఆన్, ఝూ తియాన్‌చాయ్ అనే నలుగురూ ఆ కుర్రాళ్లే. ఆయన పోయాక చెన్ ఫాక కొడుకు ఝావ్‌కుయ్ వచ్చి వారికి మిగతాది నేర్పారు. 2020లో యునెస్కో తైచీని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు టీవీలో ఆ పల్లెను చూపిస్తుంటే, ఆ ముసలాయన తిరిగి రాకపోతే అక్కడ చూపించడానికి ఏం మిగిలి ఉండేదా అనుకున్నాను.

ఇంత చరిత్ర ఎందుకని మీరు అడగవచ్చు. కారణం మోకాలు. నా తోడల్లుడు రెండేళ్ల కిందట వేరే ఊళ్లో, ఇలాంటి మూడు నెలల శిక్షణలో పన్నెండు వేలు కట్టి చేరారు. ఒంటి బరువంతా ఒక కాలి మీద ఉండగానే, పాదం నేలకు బిగిసి ఉండగానే, నడుముకు బదులు మోకాలిని తిప్పమన్నారు. రెండో నెలలో మోకాలు వాచింది. అలిపిరి మెట్ల దారిలో ఏటా కొండెక్కే మనిషి ఇప్పుడు బస్సులో వెళుతున్నారు. మోకాలు కాలివేళ్లు చూసే వైపే వంగాలి, తిరగడం నడుము దగ్గర, తుంటి దగ్గర జరగాలి అన్నది మా గురువుగారు మొదటి వారంలోనే చెప్పిన మాట. ప్రతి శాఖలోనూ మొదటి వారంలోనే చెప్పే మాట. ఎవరి దగ్గరైనా రెండేళ్లు నేర్చుకున్నవారు అది తప్పరు. ఎవరి దగ్గరా నేర్చుకోనివారి సర్టిఫికెట్ మీద బోధిధర్ముడి బొమ్మ ఉన్నా మోకాలికి ఒరిగేది ఏమీ లేదు.

కాబట్టి నా మనవి చిన్నది. ఇకముందు ఇలాంటి శిక్షకుల గురించి రాసేటప్పుడు మీ విలేకరులు ‘గ్రాండ్ మాస్టర్’ అన్న మాట తీసేసి, మూడు సంగతులు వేయాలి: ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊళ్లో, ఎన్నేళ్లు. చెప్పడానికి ఇష్టపడకపోతే ‘చెప్పలేదు’ అని వేస్తే చాలు, పాఠకులు మిగతాది అర్థం చేసుకుంటారు.

అడిగినవాణ్ని కాబట్టి నా సంగతీ చెబుతాను. మా గురువుగారిది సింగపూర్, ఆయన తన పేరు పత్రికల్లో రావడం ఇష్టపడే మనిషి కారు. ఆయనకు నేర్పినాయన మలేసియాలోని ఇపోలో మూలికల దుకాణం నడిపేవారు, యాంగ్ పద్ధతి వారు. అంతకు పైన ఎవరో మా గురువుగారికే తెలియదు, మేము అడిగితే ‘ఆయన చేతులు బాగుండేవి’ అని ఊరుకునేవారు. నేను నేర్చుకున్నది తొమ్మిదేళ్లు, వచ్చింది తోలు, వెంట్రుకలు.

మీ వార్తలోని శిక్షకుడు ఈ లేఖ చదివితే, ఆయనకు ఒక ఆహ్వానం. ఎండ ఎక్కక ముందు, ఆరు గంటల లోపు యూనివర్సిటీ మైదానంలో తూర్పు గట్టున వేపచెట్టు కింద ఉంటాను. ఇద్దరం ముంజేతులు ఆనించి, ఎవరి బలం ఎటు పోతున్నదో చూసుకుంటూ పది నిమిషాలు నెమ్మదిగా నెట్టుకుందాం. తర్వాత టీ తాగుతూ ఆయనకు నేర్పినవారి గురించి చెబితే, ఆ పేరుతో ఇంకో లేఖ మీకు నేనే రాస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.